సేద్యపు మోటారు – వైండింగు లెక్క

బావిలో నీరున్నను, స్తంభముపై కరెంటున్నను, మోటారు కాలిన దినమున రైతునకు ఆ రెండును లేనట్లే యగును. వరి పొట్టకు వచ్చిన తరుణమున గాని, మిరప పూతకు వచ్చిన తరుణమున గాని ఇట్టి యాపద కలిగినచో, మోటారును పైకి దీయించి, బండి కెక్కించి, పట్టణమునకు గొనిపోయి, చుట్టించి, మరల దింపించువరకు గడచు నాలుగైదు దినములే పంట భాగ్యమును నిర్ణయించుచున్నవి. ఆ తొందరలో రైతు మెకానిక్కు నడుగు ప్రశ్నలు రెండే: ఎంత యగును? ఎప్పు డిచ్చెదరు? 'ఏమి చుట్టితిరి?' యను మూడవ ప్రశ్న నడుగువారు మిక్కిలి యరుదు. ఆ ప్రశ్న నెట్లడుగవలయునో, వచ్చిన జవాబు నెట్లు పరీక్షింపవలయునో మన సంఘ సభ్యులకు దెలుపుటకై మే మీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మోటారును మరల చుట్టుట చినిగిన బట్టకు మాసిక వేయుట వంటిది కాదు. కర్మాగారమున ఇంజనీరు లెక్కకట్టి నిర్ణయించిన చుట్ల సంఖ్య, తీగ లావు, కాయిళ్ల యమరిక, ఇన్సులేషను, ఈ నాలుగును చుట్టువాని చేతిలో మరల క్రొత్తగా నిర్ణయమగును. అనగా ప్రతి రీవైండింగును ఒక క్రొత్త మోటారును రూపొందించుటయే. ఆ రూపకల్పన లెక్కప్రకారము జరిగెనా, అందాజుపై జరిగెనా యను దానిని బట్టియే మోటారు పదేండ్లు పనిచేయుటయో, పది నెలలకే మరల పొగ విడుచుటయో సంభవించును.

తీగచుట్ట చేయు పని

ఇనుపదిమ్మెకు తీగ చుట్టి అందు కరెంటు పంపినచో ఆ యినుము అయస్కాంతమగును. కరెంటు నాపినంతనే ఆ గుణము చాలవరకు పోవును. మోటారు విద్యకంతకును ఇదియే మూలము. ఈ యయస్కాంతబలము తీగలో ప్రవహించు ఆంపియర్లను, చుట్ల సంఖ్యను గుణించగా వచ్చు మొత్తమును బట్టి యుండును. 1 ఆంపియరుతో 100 చుట్లు చేయు పనిని 10 ఆంపియర్లతో 10 చుట్లు చేయగలవు. కావున సన్నతీగతో పెక్కు చుట్లు వేయుటయా, లావుతీగతో కొద్ది చుట్లు వేయుటయా యను ప్రశ్న ప్రతి మోటారు నిర్మాతకును మొదట నెదురగును.

1821లో లండను నగరమున మైకేల్ ఫారడే కరెంటు ప్రవహించు తీగను అయస్కాంతము చుట్టును తిరుగునట్లు చేసి చూపెను. 1831లో విద్యుత్ప్రేరణమును కనుగొనెను. తొలినాటి యంత్రములందు ఉక్కు అయస్కాంతము లుండెడివి. వాని బలము స్వల్పము. 1866–67 సంవత్సరములందు జర్మనీలో వెర్నెర్ సీమెన్సును, ఇంగ్లాండులో చార్లెస్ వీట్‌స్టన్ మున్నగువారును వానికి బదులుగా, యంత్రము పుట్టించు కరెంటుతోనే బలమొందు తీగచుట్టలను వాడు పద్ధతిని వెలువరించిరి. కదలని భాగమున నమర్చిన యట్టి చుట్టలకు ఫీల్డు కాయిళ్లని పేరు. కాని యా డి.సి. మోటార్లలో తిరుగు భాగమునకు కరెంటు నందించుటకు బ్రష్షులు వలసియుండెను. బ్రష్షు లరుగును, నిప్పురవ్వలు చెదరును, బావిగట్టున దుమ్ములోను తేమలోను వానిని కాపాడుట కష్టము.

1888లో ఇటలీలో గెలీలియో ఫెరారిస్, అమెరికాలో నికోలా టెస్లా, ఒకరితో నొకరికి సంబంధము లేకయే, కదలని కాయిళ్లతో తిరుగు అయస్కాంతక్షేత్రమును పుట్టించు విధానమును ప్రకటించిరి. 1889లో డొలివో డోబ్రోవోల్స్కీ మూడు ఫేజులపై నడచు కేజి రోటరు మోటారును నిర్మించెను. 1891లో జర్మనీయందు లౌఫెన్‌నుండి ఫ్రాంక్‌ఫర్టు ప్రదర్శనమునకు 175 కిలోమీటర్ల దూరము కరెంటును కొనిపోయిరి. అచ్చట 100 అశ్వశక్తుల మోటారొకటి పంపును త్రిప్పి కృత్రిమ జలపాతమునకు నీరెత్తెను. మూడు ఫేజుల మోటారు ప్రజలయెదుట చేసిన తొలి ఘనకార్యములలో నీరు తోడుట యొకటి యగుట రైతులకు సంతోషము గొలుపు విషయము.

దక్షిణ దేశమున 1930 దశకమున పైకారా జలవిద్యుత్తు కోయంబత్తూరు సీమకు వచ్చిన పిదప బావులపై మోటార్లు వ్యాపించెను. తెలుగు మాతృభాషగా గల కుటుంబమున జన్మించిన జి. డి. నాయుడు గారు, డి. బాలసుందరం నాయుడు గారితో కూడి, 1937లో ఆ పట్టణముననే మోటారును నిర్మించిరి. అది మన దేశమున తయారైన తొలి మోటార్లలో నొకటి. పంపు మోటార్లకు కోయంబత్తూరు నేటికిని పేరుపొందిన చోటు.

స్టేటరు లోపలి యమరిక

మన సేద్యపు మోటారునందు కదలని భాగము స్టేటరు. లోపల తిరుగునది రోటరు. రోటరునకు బయటినుండి కరెంటు తగులు మార్గమే లేదు. స్టేటరులోని కాయిళ్లు పుట్టించు అయస్కాంతక్షేత్రము తిరుగుచు రోటరు కడ్డీలలో కరెంటును పుట్టించి దానిని తనవెంట లాగికొనిపోవును. కావున మోటారునకు ప్రాణమంతయు స్టేటరు వైండింగునందే యున్నది.

స్టేటరు దిమ్మె ఒకే పోతపని కాదు. ఇంచుమించు అర మిల్లీమీటరు మందము గల ఉక్కు రేకులను, ఒకదానినుండి యొకటి విడిగా నుండునట్లు పూత పూసి, పేర్చి బిగింతురు. దాని లోపలి యంచున గాళ్లుండును. వీనినే మెకానిక్కులు స్లాట్లందురు. ఆ గాళ్లలో మూడు ఫేజుల కాయిళ్లను వంతులవారిగా దింపుదురు. రెండు ధ్రువములు వచ్చునట్లు చుట్టినచో క్షేత్రము నిమిషమునకు 3000 సారులును, నాలుగు ధ్రువములు వచ్చునట్లు చుట్టినచో 1500 సారులును తిరుగును. రోటరు దానికంటె కొంచెము వెనుకబడి నడచును. 1500 కు బదులు పేరుపలకపై 1440 యని యుండుటకు కారణ మిదియే.

చుట్ల లెక్క

కాయిలు లోపలి చుట్ల సంఖ్య మెకానిక్కు ఇష్టమును బట్టి యుండునది కాదు. స్టేటరులో అయస్కాంతక్షేత్రము తిరుగుచుండగా ప్రతి చుట్టునందును కొంత యెదురు వోల్టేజి పుట్టును. అన్ని చుట్ల యెదురు వోల్టేజియు కలిసి లైను వోల్టేజితో ఇంచుమించు సరితూగవలెను. చుట్లు చాలనిచో సరితూగుటకై క్షేత్రము పెరుగును. అనగా ఇనుముపై భారము పెరుగును.

దృష్టాంతముగా, 5 అశ్వశక్తుల నాలుగు ధ్రువముల మోటారు నొకదానిని తీసికొందము. స్టేటరు లోపలి వ్యాసము 105 మిల్లీమీటర్లు, దిమ్మె పొడవు 125 మిల్లీమీటర్లు, గాళ్లు 36 అనుకొందము. ఒక్కొక్క ధ్రువమునకు వచ్చు వైశాల్యము 103 చదరపు సెంటీమీటర్లు. ఆ వైశాల్యమున సగటున 0.46 టెస్లాల క్షేత్రము నుంచినచో, 50 సైకిళ్ల కరెంటుపై ఒక్కొక్క చుట్టునకు సుమారు 1 వోల్టు ఎదురు వోల్టేజి వచ్చును. డెల్టా కలయికలో ప్రతి ఫేజుపై 415 వోల్టులు పడును గనుక ఫేజునకు సుమారు 415 చుట్లు కావలెను. గాడికి ఒక కాయిలు పార్శ్వము చొప్పున ఫేజునకు 6 కాయిళ్లు వచ్చును. కావున కాయిలునకు 69 చుట్లు. ఇది యుదాహరణము మాత్రమే. దిమ్మె కొలత మారిన లెక్కయు మారును. కాని లెక్క లేని మోటారు మాత్రము లేదు.

ఇప్పుడు 69 కి బదులు 62 చుట్లు వేసి ముగించిరనుకొందము. చుట్లు పదింట నొక వంతు తగ్గెను. క్షేత్రము 11 పాళ్లు పెరిగెను. స్టేటరు పండ్లలోని యినుము మొదటనే నిండు కుండవలె నుండును. దానిపై నింకను పోసినచో క్షేత్రము పెరిగిన నిష్పత్తిని మించి కరెంటు పెరుగును. భారము లేకుండ త్రిప్పినను మోటారు వేడెక్కుటకు ఇది యొక ముఖ్యకారణము. పంపు నడచును, నీరు వచ్చును, మొదటి దినమున రైతు సంతోషించును. నష్టము పిదప తెలియును.

చుట్లు ఎక్కువైనను మేలు కాదు. పదింట నొక వంతు అధికముగా వేసినచో మోటారు త్రిప్పుబలము నూటికి 17 పాళ్లు తగ్గును. అట్టి మోటారు వోల్టేజి తగ్గిన పూట పంపును కదల్పలేక మూలుగును.

కొన్ని గ్రామములలో పగలు వోల్టేజి చాల తక్కువగా నుండుటచే, చుట్లు తగ్గించి 'లో వోల్టేజి వైండింగు' వేయించుట వాడుకలో నున్నది. ఇది పూర్తిగా తప్పని మే మనము. కాని రాత్రివేళ ఇతర మోటార్లు ఆగి వోల్టేజి పెరిగినప్పుడు ఆ మోటారు ఇనుము క్రిక్కిరిసి కరెంటును అధికముగా త్రాగును. అట్టి వైండింగు వేయించినవారు రాత్రి నడుపుటకు ముందు వోల్టేజిని చూచుకొనవలెను. మన బోరు మోటార్లకు సంబంధించిన ఐ.ఎస్. 9283 ప్రమాణము ప్రకారము, మోటారు చెప్పిన వోల్టేజికి 15 పాళ్లు తగ్గినను, 6 పాళ్లు పెరిగినను పనిచేయవలెను. అనగా 415 వోల్టుల మోటారు సుమారు 353 నుండి 440 వోల్టుల వరకు. దానికిని దిగువకు వోల్టేజి పడిపోవుచున్న ఊరిలో ట్రాన్స్‌ఫార్మరును, లైనును సరిచేయింపక వైండింగునే మార్చుట తాత్కాలికోపాయము మాత్రమే.

తీగ లావు, తీగ లోహము

పై యుదాహరణములోని మోటారు పూర్తి భారముపై లైనులో సుమారు 7.4 ఆంపియర్లు తీసికొనును. డెల్టాలో ఒక్కొక్క ఫేజునకు 4.3 ఆంపియర్లు పడును. దీనికి 19 గేజి రాగితీగ తగియుండును. దాని వ్యాసము 1.016 మిల్లీమీటర్లు. దానికి బదులు 20 గేజి తీగ వేసిరనుకొందము, వ్యాసము 0.914 మిల్లీమీటర్లు. వ్రేళ్లతో తడవి చూచిన భేదము తెలియదు. కాని తీగ అడ్డుకొలత అయిదింట నొక వంతు తగ్గెను; అదే కరెంటుపై పుట్టు వేడి దాదాపు నాలుగింట నొక వంతు పెరిగెను. చుట్టుటకు సులభము, రాగి యాదా. నష్టము మాత్రము మోటారు యజమానికి.

రాగికి బదులు అల్యూమినియము వాడు చోట్లును కలవు. అదే లావున అల్యూమినియము తీగ రాగికంటె 1.6 రెట్లు నిరోధము గలది, వేడియు నంతే. అల్యూమినియముతో మోటారు చేయరాదని కాదు; కాని దానికి గాళ్లు పెద్దవిగా నుండునట్లు మొదటినుండియు రూపొందింపవలెను. రాగికై కోసిన గాళ్లలో అల్యూమినియము నింపుట తగదు.

వేడికి ఇంత భయపడుట యేల యనగా, తీగపై ఎనామిల్ పూతకును, గాడిలోని కాగితమునకును ఒక హద్దు కలదు. బి తరగతి ఇన్సులేషనునకు 130 డిగ్రీలు, ఎఫ్ తరగతికి 155 డిగ్రీలు హద్దు. ఆ హద్దును దాటిన ప్రతి 10 డిగ్రీలకును ఇన్సులేషను ఆయువు సుమారు సగమగునని ఇంజనీర్ల వాడుక సూత్రము. నీరు నిండియుండు బోరు మోటార్లలో తీగపై ప్లాస్టిక్ తొడుగు వంటిది యుండును, పి.వి.సి. తొడుగునకు సుమారు 70 డిగ్రీలే హద్దు. కావున బోరు మోటారునందు లెక్క తప్పుటకు చోటు మరింత తక్కువ.

కాలిన కాయిళ్ల సాక్ష్యము

కాలిన మోటారును విప్పిన తోడనే పాత తీగను కోసి పారవేయనీయరాదు. ఆ కాయిళ్లు తాము కాలుటకు గల కారణమును తామే చెప్పును.

మూడు ఫేజుల కాయిళ్లును ఒకే తీరున నల్లబడియుండినచో భారము మించుటయో, లో వోల్టేజియో కారణము. 415 వోల్టులకు బదులు 300 వోల్టులు వచ్చినప్పుడు మోటారు త్రిప్పుబలము సగమునకు కొంచెము పైగా మాత్రమే మిగులును. ఎత్తవలసిన నీరు మాత్రము తగ్గదు. కరెంటు దాదాపు 1.4 రెట్లు, వేడి దాదాపు రెండు రెట్లు అగును.

స్టార్ కలయిక గల మోటారులో రెండు ఫేజులు కాలి ఒకటి క్రొత్తదివలె నుండినచో, డెల్టా మోటారులో ఒకటి కాలి రెండు బాగుండినచో, సరఫరాలో ఒక ఫేజు పోయినదని గ్రహింపవలెను. ఎక్కడనో ఫ్యూజు పోయి, రెండు తీగలపైననే మోటారు నడచుటచే కరెంటు 1.7 రెట్లును, వేడి మూడు రెట్లును పెరిగిన ఫలమిది. రెండు ఫేజులపై కండెన్సరు పెట్టి మోటారును నడుపు వాడుకయు ఇట్టిదే. మూడు కాయిళ్లలో కరెంటు సమముగా నుండదు. ఒకటి పెనముపై రొట్టెవలె మాడును.

ఒక కాయిలులో ఒకచోట మాత్రము కరగిన మచ్చ యుండినచో చుట్టుకు చుట్టు తగిలినదని యర్థము: తీగపై పూత గీచుకొని పోయినది, లేదా వార్నిష్ లోపలికి దిగలేదు. ఇది చుట్టిన వాని లోపము. రైతుది గాని కరెంటుది గాని కాదు. గ్యారంటీ యడుగుటకు ఈ మచ్చయే సాక్షి.

కారణము తెలియక చుట్టించిన మోటారు అదే కారణముచే మరల కాలును. సింగిల్ ఫేజు వలన కాలినదానికి ఎంత మంచి రాగి చుట్టినను, ప్రివెంటరు పెట్టనిచో ఖర్చు వృథా.

దుకాణమున చూడవలసినవి

పాత వైండింగు తీయుటకు ముందు గాళ్ల సంఖ్య, కాయిలునకు చుట్లు, తీగ గేజి, కాయిలు ఏ గాడినుండి ఏ గాడికి పోయినది, కలయిక స్టారా డెల్టాయా యనునవి కాగితముపై వ్రాయించుకొనవలెను. మోటారు ఇంతకుమున్నే ఒకసారి చుట్టబడియుండినచో, ఆ లెక్కయే తప్పై యుండవచ్చును. కాబట్టి తయారుచేసినవారి లెక్కతో పోల్చి చూడవలెను.

కాలిన కాయిళ్లను సులభముగా లాగుటకై స్టేటరును మంటలో కాల్చుట కొందరి యలవాటు. 350 డిగ్రీలు మించిన మంటలో రేకుల నడుమనున్న పూత మాడి, రేకులొకటి నొకటి తగిలి, ఇనుములోనే వ్యర్థపు కరెంటు పుట్టును. అట్టి దిమ్మెలో ఎంత శ్రద్ధగా చుట్టినను మోటారు వేడిగానే నడచును. కాయిలు తలలను కోసి, మితమైన వేడితో మెత్తబరచి లాగుట మేలు.

గట్టుమీది మోటారునకు వార్నిష్ పట్టించునప్పుడు స్టేటరును ముందుగా వేడిచేసి, తేమను పోగొట్టి, పిదప ముంచి, ఓవెనులో గంటలకొలది ఆరబెట్టవలెను. పైపైన పోసి యెండలో నారబెట్టిన వార్నిష్ తీగల నడుమకు దిగదు. నీరు నిండు బోరు మోటారునకు వార్నిష్ పని లేదు; దానికి తొడుగు తీగయు, గాయము పడకుండ దింపు నేర్పును, జాయింటు బిగువును ముఖ్యము.

తీసిన పాత రాగిని, వేసిన క్రొత్త రాగిని తూచుడు. అదే చుట్లు, అదే గేజి యైనచో రెండు తూనికలును ఇంచుమించు సరిపోవలెను. క్రొత్తది చాల తక్కువ తూగినచో తీగ సన్నబడినదో, చుట్లు తగ్గినవో తెలియును. చదువురాని రైతు సహితము ఈ పరీక్ష చేయగలడు.

పని ముగిసిన పిదప మెగ్గరుతో ఇన్సులేషను చూపింపుమనుడు. వైండింగునకును దిమ్మెకును నడుమ 1 మెగోము కంటె తక్కువ చూపిన మోటారును ఇంటికి తేరాదు. తరువాత భారము లేకుండ నడిపి, టాంగ్ టెస్టరుతో మూడు తీగలలోని కరెంటును చూడవలెను. మూడును ఇంచుమించు సమముగా నుండి, పూర్వము బాగుండిననాటి కరెంటును మించకుండినచో చుట్ల లెక్క సరియైనదని నమ్మవచ్చును.

సంఘము చేయదగిన పని

ఒక్కొక్క రైతు ఒంటరిగా ఇవియన్నియు చేయించుట కష్టమని మే మెరుగుదుము. పంట యెండుచుండగా మెకానిక్కుతో వాదించుటకు ఓపిక యెవరికి నుండును? కావుననే ఇది సంఘము పూనుకొనవలసిన కార్యము. సభ్యుల మోటార్లకు ఒక రిజిస్టరు నుంచి, ప్రతి మోటారు గాళ్లు, చుట్లు, గేజి, కలయిక, భారము లేనప్పటి కరెంటు అందు వ్రాసి యుంచినచో, కాలిన దినమున లెక్క వెదుకుకొను పని యుండదు. ఒక మెగ్గరు, ఒక టాంగ్ టెస్టరు, ఒక నమ్మకమైన త్రాసు సంఘ కార్యాలయమున నుండుట పెద్ద వ్యయము కాదు. గేజి కొలచి కొనిన రాగితీగను సభ్యులకు అసలు ధరకే యిచ్చుటయు, పైరు నిలుపుటకై రెండు మూడు మోటార్లను అద్దెకు సిద్ధముగా నుంచుటయు సాధ్యములే.

సభ్యులును తమవంతు పనులు చేయవలెను. స్టార్టరులోని రిలేను పేరుపలకపై ఆంపియర్లకు మించి త్రిప్పరాదు. ఫ్యూజు స్థానమున లావు తీగ కట్టరాదు. ఆటో స్టార్టరు పెట్టినచో కరెంటు వచ్చిన క్షణముననే ఊరి మోటార్లన్నియు ఒక్కసారిగా లేచి, ఒక్కొక్కటి ఆరేడు రెట్ల కరెంటు లాగుటచే వోల్టేజి కూలి కాయిళ్లును, ట్రాన్స్‌ఫార్మరును కాలును. 2018 జనవరి 1న తెలంగాణమున సేద్యమునకు 24 గంటల సరఫరా ఆరంభమైనప్పుడు ఈ ఆటో స్టార్టర్లను తొలగింపవలసినదిగా విద్యుత్ సంస్థలు రైతులను కోరుటయు జ్ఞప్తియం దుంచుకొనవలెను. మోటారు దిమ్మెకు ఎర్త్ తీగ తప్పక యుండవలెను. ట్రాన్స్‌ఫార్మరు వద్ద ఫ్యూజు వేయుటకు రైతు తానై పూనుకొనరాదు. మోటారు కాలిన మరల చుట్టించుకొనవచ్చును. మనిషి ప్రాణమునకు రీవైండింగు లేదు.

వచ్చు వేసవిలోగా ప్రతి సభ్యుడును తన మోటారు పేరుపలకను తుడిచి, అందలి యంకెలను కాగితముపై నెక్కించి సంఘ కార్యదర్శికి పంపవలసినదిగా కోరుచున్నాము. పలక ఊడిపోయినవారు చివరిసారి చుట్టించిన చీటీని పంపవచ్చును. ఆ చీటీపై ధర తప్ప మరేమియు లేనిచో, ఈసారి చుట్టించునప్పుడు వ్రాయించుకొనవలసిన దేమో ఈ వ్యాసము చదివినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.